ప్యాచ్ కలిసింది, ఫోకస్ తప్పింది: ఫాస్ట్ లెన్స్‌లతో రేంజ్‌ఫైండర్ లెక్క

రేంజ్‌ఫైండర్ కెమెరా వ్యూఫైండర్ మధ్యలోని చిన్న ప్యాచ్‌లో రెండు బొమ్మలు ఒక్కటయ్యాయి. ఎదురుగా కూర్చున్న మనిషి కంటి అంచు ఎక్కడా విరగకుండా నిలిచింది. 50 మి.మీ. లెన్స్, ఎఫ్/1.4, దూరం మీటరు. కెమెరాను నిలువుగా పట్టుకుని, కళ్ళు ఫ్రేములో పైభాగానికి వచ్చేలా సర్దుకుని షట్టర్ నొక్కాను. తీరా పెద్దది చేసి చూస్తే కన్ను మెత్తగా ఉంది. కణత దగ్గరి వెంట్రుకలను మాత్రం ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. అంటే ఫోకస్ కంటికి రెండున్నర సెంటీమీటర్ల వెనక పడింది.

ఇలాంటి ఫోటో చూడగానే ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం ఒకటే: రేంజ్‌ఫైండర్ క్యాలిబ్రేషన్ పోయింది. రెండో అనుమానం, ఇంత ఫాస్ట్ లెన్స్‌ను (ఎఫ్ నంబరు చిన్నదై, ఎపర్చర్ అనే రంధ్రం బాగా పెద్దగా తెరుచుకునే లెన్స్‌ను) రేంజ్‌ఫైండర్ అసలు మోయలేదేమో అని. నాకూ అవే వచ్చాయి. కాగితం తీసుకుని లెక్క వేశాక తెలిసింది, మొదటి అనుమానంలో కొంతే నిజమని, రెండోదానిలో దాదాపు ఏమీ లేదని. ఆ రెండున్నర సెంటీమీటర్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చివరికి తేలింది. ముందు అసలు యంత్రం ఏం చేస్తుందో చూద్దాం.

చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టండి. ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూస్తే వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరికి తెచ్చేకొద్దీ గెంతు పెరుగుతుంది. రేంజ్‌ఫైండర్ చేసే పని అదే. కెమెరా ముందు రెండు కిటికీలు ఉంటాయి, వాటి మధ్య దూరమే బేస్. పెద్ద కిటికీలోంచి మామూలు దృశ్యం, చిన్న కిటికీలోంచి మధ్య ప్యాచ్‌లోని దృశ్యం వస్తాయి. ఫోకస్ రింగ్ తిప్పితే లెన్స్ ముందుకూ వెనక్కూ కదులుతుంది. లెన్స్ వెనకవైపున్న క్యామ్ అనే లోహపు అంచు కెమెరాలోని చిన్న రోలర్‌ను నెడుతుంది, రోలర్ మోసే చెయ్యి లోపలి ఆప్టిక్స్‌ను తిప్పుతుంది. రెండు బొమ్మలు కలిసినచోట లెన్స్ సరైన దూరంలో ఉన్నట్టు లెక్క.

ఈ ఏర్పాటులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. కొలిచేది ఒక దారి, బొమ్మ తీసేది వేరే దారి. ఎస్‌ఎల్‌ఆర్‌లో మీరు చూసేది లెన్స్‌లోంచి వచ్చిన వెలుగునే. రేంజ్‌ఫైండర్‌లో మీ కన్ను లెన్స్‌లోంచి ఒక్కసారి కూడా చూడదు. లెన్స్ ఏం చేస్తోందో క్యామ్ చెప్పిన మాటను నమ్మడమే. కాబట్టి ఎఫ్/0.95 లెన్స్ బిగించినా, ఎఫ్/8 లెన్స్ బిగించినా ప్యాచ్ ఒకేలా కనిపిస్తుంది. కొలత నాణ్యత కెమెరాది. ఆ కొలత సరిపోతుందా లేదా అన్నది లెన్స్ అడిగే ప్రశ్న.

కొలత నాణ్యతను తేల్చేది ఎఫెక్టివ్ బేస్. కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్‌తో గుణిస్తే వచ్చేది ఇది. ఫైండర్ దృశ్యాన్ని చిన్నది చేసి చూపిస్తే, రెండు బొమ్మల మధ్య ఎడం కూడా అంతే చిన్నదవుతుంది కదా. 1954లో వచ్చిన లైకా ఎం3లో బేస్ 68.5 మి.మీ., మాగ్నిఫికేషన్ 0.91, ఎఫెక్టివ్ బేస్ సుమారు 62 మి.మీ. తర్వాత 35 మి.మీ. లెన్స్ ఫ్రేము కూడా ఫైండర్‌లో పట్టాలని మాగ్నిఫికేషన్‌ను 0.72కి దించారు. దాంతో ఎక్కువ భాగం ఎం కెమెరాల్లో అది 50 దగ్గర స్థిరపడింది. కెనాన్ 7లో 47. బెస్సా ఆర్‌లో కిటికీలే 37 మి.మీ. ఎడంలో ఉంటాయి కాబట్టి సుమారు 25. 1936 నాటి కాంటాక్స్ 2లో అయితే కిటికీల మధ్య దూరమే 90 మి.మీ. అప్పటి ఇంజనీర్లు ఈ సంగతిని ఎంత గట్టిగా పట్టించుకున్నారో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కన్ను సంగతి. మామూలు చూపు ఉన్న కన్ను డిగ్రీలో 60వ వంతు, అంటే ఒక ఆర్క్ మినిట్ తేడాను పట్టగలదని అనుకుందాం. 50 మి.మీ. ఎఫెక్టివ్ బేస్‌తో మీటరు దూరంలో అది అటూ ఇటూ 6 మి.మీ. పొరపాటుగా మారుతుంది. ఎం3లో 5 మి.మీ. కన్నా తక్కువ, బెస్సా ఆర్‌లో దాదాపు 12. మరి లెన్స్ ఎంతవరకు ఓర్చుకుంటుంది? 50 మి.మీ. ఎఫ్/1.4కి మీటరు దూరంలో, 0.03 మి.మీ. మసక చుక్క కొలమానంతో (అంతకు మించని మసక చుక్క షార్ప్ కిందే లెక్క అనుకుని) చూస్తే, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే షార్ప్‌గా కనిపించే లోతు, మొత్తం 32 మి.మీ., అంటే అటు 16, ఇటు 16. ఎఫ్/0.95కి అటూ ఇటూ 11. 6 ఎక్కడ, 16 ఎక్కడ! రేంజ్‌ఫైండర్‌కు ఇంకా బోలెడంత జాగా మిగిలే ఉంది.

దూరం పెరిగితే పొరపాటు కూడా పెరుగుతుందిగా అని అడగవచ్చు. పెరుగుతుంది, దూరం వర్గంతో పాటు. రెండు మీటర్ల దగ్గర అది నాలుగింతలు. కానీ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ కూడా సరిగ్గా దూరం వర్గంతోనే పెరుగుతుంది. రెండూ ఒకే వేగంతో పెరిగితే దూరం అనేది లెక్కలోంచే ఎగిరిపోతుంది. మీటరు దగ్గర సరిపోయే రేంజ్‌ఫైండర్ అయిదు మీటర్ల దగ్గరా సరిపోతుంది, ఇక్కడ చాలనిది అక్కడా చాలదు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. ఇంత పాత యంత్రం లోపల ఇంత శుభ్రమైన లెక్క ఉంటుందని నేననుకోలేదు.

దూరాన్ని తీసేస్తే మిగిలే సూత్రం కూడా చిన్నదే. ఫోకల్ లెంగ్త్ వర్గాన్ని ఎఫ్ నంబరుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్ళీ 100తో భాగిస్తే, ఆ లెన్స్‌కు కావలసిన ఎఫెక్టివ్ బేస్ సుమారుగా మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది. 35 మి.మీ. ఎఫ్/1.4కి 9 చాలు. 50 మి.మీ. ఎఫ్/1.4కి 18. భయపెట్టే 50 మి.మీ. ఎఫ్/0.95కి 26. 75 మి.మీ. ఎఫ్/1.4కి 40, 90 మి.మీ. ఎఫ్/2కి కూడా 40 చిల్లర. ఇక 135 మి.మీ. ఎఫ్/4కి 46.

చివరి అంకెను ఇంకోసారి చూడండి. ఎవరూ ఫాస్ట్ లెన్స్ అని పిలవని ఎఫ్/4 లెన్స్, ఎఫ్/0.95 కన్నా రేంజ్‌ఫైండర్‌కు కష్టమైనది. మనం ఎఫ్ నంబరు చూసి భయపడతాం, సూత్రంలో మాత్రం ఫోకల్ లెంగ్త్‌కు రెండుసార్లు లెక్క పడుతుంది. అందుకే 135 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ చేసినప్పుడు లైకా దానికి కళ్ళజోడు లాంటి అదనపు అద్దాలు తగిలించింది. అవి ఫైండర్ దృశ్యాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తాయి. సూత్రం ప్రకారం ఆ లెన్స్‌కు 65 కావాలి, మామూలు ఎం కెమెరాలో ఉన్నది 50, కళ్ళజోడుతో అది 75 అవుతుంది. బరువు పెరిగినా, చూడటానికి ఎబ్బెట్టుగా ఉన్నా ఎందుకు తగిలించారో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం. అలాగే 1961లో కెనాన్ 7తో పాటు 50 మి.మీ. ఎఫ్/0.95 లెన్స్ తెచ్చినప్పుడు కెనాన్ వాళ్ళు చేసింది దుస్సాహసం కాదు. కావలసింది 26, చేతిలో ఉన్నది 47.

కాగితం మీద ఇంత హాయిగా ఉంటే, ఎఫ్/0.95తో తీసిన ఫోటోల్లో ఇన్ని ఎందుకు తప్పుతున్నాయి?

ఒక కారణం డిజిటల్ సెన్సర్. 0.03 మి.మీ. అన్న కొలమానం ఒక మోస్తరు ప్రింటును చేత్తో పట్టుకుని చూసే రోజులది. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 0.006 మి.మీ. ఉంటుంది. పాత కొలమానం ప్రకారం షార్ప్ అనిపించుకున్న చుక్క అయిదు పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది. స్క్రీన్ మీద నూరు శాతం చేసి చూసేవాళ్ళకు అది షార్ప్ కాదు. పైగా ఫిల్మ్ గేటులో కొద్దిగా వంగుతుంది, దాని ఎమల్షన్‌కు మందం ఉంటుంది. చిన్న పొరపాట్లు అందులో కలిసిపోయేవి. సెన్సర్ గాజుపలకలా చదునుగా ఉండి దేన్నీ దాచదు. కొలమానాన్ని సగానికి తగ్గిస్తే సూత్రంలో 100కి బదులు 50తో భాగించాలి. అప్పుడు 50 మి.మీ. ఎఫ్/1.4కి 36, ఎఫ్/0.95కి 53, 75 మి.మీ. ఎఫ్/1.4కి 80 కావాలి. లైకా ఎం10 దగ్గర ఉన్నది సుమారు 51. ఎఫ్/0.95 సరిగ్గా గీత మీద నిలబడింది, 75 గీత దాటిపోయింది. 2006లో వచ్చిన ఎం8తో మొదలై చాలామంది తమ పాత లెన్స్‌లు ఉన్నట్టుండి చెడిపోయాయని అనుకోవడానికి పెద్ద కారణం ఇదే. లెన్స్ మారలేదు, చూసే పద్ధతి మారింది. ఫైండర్‌కు బిగించే 1.4 రెట్ల మాగ్నిఫయర్ వాడితే 51 కాస్తా 71 అవుతుంది. 75, 90 మి.మీ. లెన్స్‌లు ఎక్కువగా వాడేవాళ్ళకు ఆ చిన్న గాజుముక్క చేసే మేలు తక్కువేమీ కాదు.

రెండో కారణం లోహం. మీటరు దూరానికి ఫోకస్ చేయడానికి 50 మి.మీ. లెన్స్ ఇన్ఫినిటీ (అనంత దూరం) నుంచి ముందుకు జరిగేది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త కదలికలోనే మీటరు నుంచి ఆకాశం దాకా అన్ని దూరాలూ ఇమడాలి. ఎఫ్/0.95 దగ్గర సెన్సర్ మీద ఓర్చుకోగల తేడా అటూ ఇటూ 0.03 మి.మీ. లోపే. తల వెంట్రుక మందంలో సగం అనుకోండి. క్యామ్ అరుగుదల, రోలర్ సర్దుబాటు, మౌంటు, లెన్స్ లోపలి వాషర్లు అన్నీ కలిపి 0.02 మి.మీ. తేడా తెస్తే, మీటరు దూరంలో ఫోకస్ 7 మి.మీ. జరుగుతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. లైకా పద్ధతిలో క్యామ్ కదలికకు ప్రమాణం 51.6 మి.మీ. ఫోకల్ లెంగ్త్. 50 అని రాసి ఉన్న లెన్స్‌ల్లో చాలావాటి అసలు కొలత దాని చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి, లెన్స్ ఎంత జరిగితే క్యామ్ అంతే జరిగితే సరిపోతుంది. 35కీ 75కీ అలా కుదరదు, లెన్స్ కదలికను ఆ ప్రమాణానికి తర్జుమా చేసేలా క్యామ్‌ను వాలుగా చెక్కాలి. ఆ వాలులో వచ్చే తేడా ఇన్ఫినిటీ దగ్గర కనపడకుండా దగ్గరి దూరాల్లో బయటపడవచ్చు. అందుకే దూరాన ఉన్న టవర్ ప్యాచ్‌లో చక్కగా కలిసిందని అంతా బాగుందనుకోవడానికి లేదు.

మూడోది ఫోకస్ షిఫ్ట్. కొన్ని లెన్స్‌ల్లో అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్యలోంచి వచ్చే కిరణాల కన్నా కొంచెం ముందే కలుస్తాయి. ఎపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు ఫోకస్ ఈ రెంటికీ మధ్య ఎక్కడో రాజీపడి ఉంటుంది. ఎపర్చర్ మూస్తే అంచు కిరణాలు తెగిపోయి, ఫోకస్ వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్‌కు ఈ సంగతి తెలిసే మార్గమే లేదు, దాని దారి వేరు కదా. జైస్ సి సోనార్ 50 మి.మీ. ఎఫ్/1.5 దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. మొదట్లో దాన్ని ఎఫ్/2.8 దగ్గర సరిగ్గా ఉండేలా సర్ది ఇచ్చేవారు. అలా సర్దిన లెన్స్‌ను ఎఫ్/1.5 దగ్గర వాడితే ఫోకస్ కాస్త ముందు పడుతుంది. ఎఫ్/1.5కి సర్దితే మధ్య ఎపర్చర్ల దగ్గర వెనక్కి పోతుంది. ఇది లోపమా అంటే నేను కాదంటాను. ఆ లెన్స్ ఇచ్చే మెత్తదనం పుట్టేది కూడా అక్కడి నుంచే. కాకపోతే కొన్నవాళ్ళు తమ లెన్స్ ఏ ఎపర్చర్‌కు సర్ది ఉందో తెలుసుకుని తీరాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ప్యాచ్ ఫ్రేము మధ్యలోనే ఉంటుంది, కళ్ళు మధ్యలో ఉండాలని ఎవరూ కోరుకోరు. కాబట్టి మధ్యలో ఫోకస్ చేసి, కెమెరాను తిప్పి ఫ్రేము సర్దుకుంటాం. తిప్పినప్పుడు ఫోకస్ తలం కూడా కెమెరాతో పాటే తిరుగుతుంది. కన్ను ఫ్రేము మధ్య నుంచి 10 మి.మీ. పక్కకు పడేలా 50 మి.మీ. లెన్స్‌ను తిప్పితే కోణం 11 డిగ్రీల పైచిలుకు. మీటరు దూరంలో కన్ను ఫోకస్ తలానికి 19 మి.మీ. ముందుకు వచ్చేస్తుంది, అంటే ఫోకస్ కంటి వెనక పడుతుంది. లెన్స్ ఓర్చుకోగలిగేది 16. రేంజ్‌ఫైండర్ చేయగల తప్పు 6 మి.మీ., మన మణికట్టు చేసినది దానికి మూడింతలు.

ఈ తప్పుకు ఇంకో గుణం ఉంది. ఇది దూరంతో మాత్రమే పెరుగుతుంది, దూరం వర్గంతో కాదు. రెండు మీటర్ల దగ్గర తప్పు 39 మి.మీ., ఓర్పు 65. అక్కడ ఇంత తిప్పినా పరవాలేదు. దగ్గరికి వచ్చేకొద్దీ పరిస్థితి తలకిందులవుతుంది. ఒళ్ళు ఊగడమూ ఇలాంటిదే. ఫోకస్ చేసిన క్షణానికీ షట్టర్ నొక్కిన క్షణానికీ మధ్య మనం ఒక సెంటీమీటరు ముందుకు ఒరిగినా మూడు మీటర్ల దగ్గర ఎవరికీ తెలియదు. మీటరు దగ్గర ఆ ఒక్క సెంటీమీటరే సగం పైగా ఓర్పును తినేస్తుంది. రేంజ్‌ఫైండర్‌కు అన్ని దూరాలూ ఒక్కటే అయినప్పుడు, దగ్గరి ఫోటోలే ఎందుకు ఎక్కువ తప్పుతాయన్న ప్రశ్నకు జవాబు ఇదే.

నా ఫోటో దగ్గరికి వస్తాను. అనుమానం తీర్చుకోవడానికి టేబుల్ మీద ఒక స్కేలును 45 డిగ్రీల వాలులో నిలబెట్టి, సున్నా గీత పక్కనే ఒక నిలువు గీత గీసిన అట్ట పెట్టాను. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, మీటరు దూరం నుంచి ఎఫ్/1.4 దగ్గర పది ఫోటోలు తీశాను. ప్రతిసారీ రింగ్‌ను ఇన్ఫినిటీ దాకా తిప్పి, మళ్ళీ అటునుంచే ఫోకస్ చేశాను, హెలికాయిడ్‌లోని (లెన్స్‌ను ముందుకూ వెనక్కూ నడిపే మరలోని) వదులు ఒకేవైపు పడాలని. స్కేలు వాలుగా ఉంది కాబట్టి దాని మీద ఒక సెంటీమీటరు అంటే నిజమైన లోతులో 7 మి.మీ.

ఇక్కడ ఒకే ఒక్క ఫోటో తీసి తీర్పు చెప్పేస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పది చూస్తే రెండు వేరువేరు సంగతులు బయటపడతాయి. ఫోకస్ పడిన చోట్లు ఒకదానికొకటి ఎంత చెదిరి ఉన్నాయన్నది కంటికీ ఫైండర్‌కూ సంబంధించినది. అన్నీ కలిసి ఒకేవైపు ఎంత జరిగాయన్నది క్యాలిబ్రేషన్‌కు సంబంధించినది. చెదురు ఎక్కువగా ఉంటే సర్వీసు వల్ల లాభం లేదు. డయాప్టర్ (ఫైండర్‌ను మన చూపుకు సర్దే అద్దం) సరిచూసుకోవాలి, మాగ్నిఫయర్ పెట్టాలి, ప్యాచ్ మీద మసక ఉంటే కిటికీలు తుడవాలి. నా పది ఫోటోల్లో చెదురు అటూ ఇటూ అర సెంటీమీటరు లోపే ఉంది. కానీ పదీ స్కేలు మీద సుమారు ఒక సెంటీమీటరు వెనక్కి జరిగి ఉన్నాయి. అంటే లోతులో 7 మి.మీ., లోహంలో 0.02.

అది కెమెరాదా, లెన్స్‌దా? ఇంకో రెండు లెన్స్‌లు బిగించి అదే పరీక్ష చేశాను, రెండూ సున్నా మీదే పడ్డాయి. కాబట్టి తేడా ఈ లెన్స్‌ది. ఈ మెట్టు దాటవేసి, ఒక్క లెన్స్ కోసం కెమెరా రోలర్‌ను తిప్పేస్తే మిగతా లెన్స్‌లన్నీ తప్పుతాయి. అన్ని లెన్స్‌లూ ఒకేవైపు, ఒకే లెక్కన తప్పితేనే కెమెరా మీద చెయ్యి వేయాలి. అదీ ఇన్ఫినిటీ సర్దుబాటు ఒకటి, దగ్గరి దూరం సర్దుబాటు ఒకటి ఉంటాయని, ఒకదాన్ని కదిపితే రెండోది కదులుతుందని తెలిసిన చేతులతోనే.

ఆ ఫోటో లెక్క అప్పుడు తేలింది. లెన్స్ వల్ల 7, కెమెరాను తిప్పడం వల్ల 19, కలిపి 26 మి.మీ. కణత ఉన్నది సరిగ్గా అక్కడే. ప్యాచ్ నాకు అబద్ధం చెప్పలేదు.

లెన్స్‌ను తెలిసిన మెకానిక్ చేత సర్దించాను. మిగతాది అలవాట్లలో మార్చుకున్నాను. ప్యాచ్ మధ్యలో రెండు బొమ్మలు కలిసినట్టు అనిపించగానే ఆగకుండా, ఇప్పుడు ప్యాచ్ పై అంచును చూస్తాను. ప్యాచ్ అంచు స్పష్టంగా కనిపించే కెమెరాల్లో ఒక నిలువు గీత ఆ అంచు దగ్గర విరిగిందా లేదా అన్నది చాలా సూక్ష్మంగా తెలుస్తుంది. గీత విరగడాన్ని కన్ను, మామూలుగా రెండు చుక్కల్ని విడదీసి చూసేదాని కన్నా ఎన్నో రెట్లు బాగా పట్టగలదు. నేను పైన వేసిన ఒక ఆర్క్ మినిట్ లెక్క నిజానికి పిసినారి లెక్క. కెమెరా అడ్డంగా ఉన్నప్పుడు అడ్డగీతల మీద ఫోకస్ కుదరదు, నిలువు గీతలు కావాలి. కిటికీ ఊచల్లాంటి ఒకే రకం వరసల మీద అసలు చేయను, పక్క ఊచ వచ్చి కలిసినా సరైన ఊచే కలిసినట్టు కనిపిస్తుంది.

ఇక ఫ్రేము సర్దుకోవడం. కుదిరితే కెమెరాను తిప్పకుండా, ముఖానికి సమాంతరంగా కిందికి దించుతాను. కుదరకపోతే తిప్పి, నడుము పైభాగాన్ని రెండు సెంటీమీటర్లు వెనక్కి వాలుస్తాను. ఫోకస్ తలం కంటి వెనక పడింది కాబట్టి, వెనక్కి వాలితే అది నాతో పాటు వచ్చి కంటి మీద నిలుస్తుంది. దీనికి సాధన కావాలి. రెండు సెంటీమీటర్లు అంటే ఎంతో ఒంటికి తెలియడానికి నాకు కొన్ని రోజులు పట్టింది, స్కేలు ఎదురుగా పెట్టుకుని ఊగుతూ నేర్చుకున్నాను.

అదే మనిషిని అదే కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ తీశాను. మీటరు దూరం, ఎఫ్/1.4, కళ్ళు ఫ్రేము పైభాగంలో. పెద్దది చేసి చూస్తే కనురెప్ప వెంట్రుకల మొనలు సూదుల్లా ఉన్నాయి. కణత దగ్గరి వెంట్రుకలు మెత్తగా కలిసిపోయాయి.